కొట్టంలో మూలకున్న హోండా ఏటీసీ 200 మళ్లీ నడవాలంటే: తాడు లాగే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఒకసారి కుదించి చెప్తా. మీ నాయన సౌదీలో పనిచేసినప్పుడు కొని, 1985లో ఇంటికి తెచ్చిన మూడు చక్రాల హోండా ఏటీసీ 200 ఉంది. దేవరకొండ దగ్గర మీ ఊళ్లో, పాత కొట్టంలో 14 ఏండ్ల నుంచి కదలలేదు. అన్నదమ్ములు కలిసి బాగుచేయించాలనుకుంటున్నారు. మీ ప్రశ్నలు నాలుగు: ఇంజన్ లేస్తదా, కొత్త రంగు వేయించాలా, నంబరు ప్లేటు వస్తదా, పిల్లలకు నడపడానికి ఇవ్వొచ్చా.

జవాబు ముందే చెప్తా. ఇంజన్ పట్టేయకుండా ఉంటే లేస్తుంది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఖర్చంతా టైర్ల దగ్గర, వెనక ఇరుసు దగ్గర. రంగు వేయించకండి. నంబరు రాదు. పిల్లలకు ఇవ్వకండి. అన్నిటికన్నా ముందు, ఎవరూ సరదాకు కూడా స్టార్టర్ తాడు లాగకుండా చూడండి. పద్నాలుగేండ్లు ఎండిన సిలిండర్లో రింగులు తుప్పుతో గోడకు అతుక్కుని ఉండొచ్చు. బలంగా లాగితే రింగు విరుగుతుంది, లేదా గోడ మీద గీత పడుతుంది. 200 రూపాయల నూనెతో పోయే పని రీబోర్ (సిలిండర్ రంధ్రాన్ని కొంచెం పెద్దగా తొలవడం) దాకా పోయేది సాధారణంగా ఈ ఒక్క లాగుడుతోనే.

బండి సంగతి కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. హోండా ఈ రకం బండిని 1970లో తెచ్చింది. మొదట పేరు యూఎస్ 90, తర్వాత ఏటీసీ 90. చలికాలంలో బైకులు అమ్ముడుపోక అమెరికా డీలర్లు ఖాళీగా కూర్చునేవాళ్లు, వాళ్ల కోసం పుట్టిన ఆలోచన ఇది. మంచు మీద, ఇసుక మీద, బురద మీద తేలిపోయేలా బెలూన్ టైర్లు వేశారు. ఏటీసీ 200 వచ్చింది 1981లో. 192 సీసీ, ఫోర్ స్ట్రోక్, ఒకే సిలిండరు, బోరు 65 మి.మీ., స్ట్రోకు 57.8 మి.మీ. గేర్లు ఐదు, చేతి క్లచ్ లేదు, తాడు స్టార్టర్. వెనక రెండు చక్రాలకు కలిపి ఒకే గట్టి ఇరుసు. రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, ఆటోకు ఉన్నట్టు, ఇందులో ఉండదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద రెండు మూడు చోట్ల మళ్లీ వస్తుంది.

మీ బండి ఏ సంవత్సరం తయారీయో హ్యాండిల్ మెడ దగ్గర కొట్టిన ఫ్రేమ్ నంబరు చూస్తే తెలుస్తుంది. 17 అక్షరాల నంబరైతే ఎడమ నుంచి పదో అక్షరం చూడండి: బి అంటే 1981, సి 1982, డి 1983, ఈ 1984, ఎఫ్ 1985. విడిభాగాలు వెతికేటప్పుడు కొన్న సంవత్సరం చెప్తే లాభం లేదు, తయారైన సంవత్సరమే చెప్పాలి. ఒక ఏడాది మోడల్ కేబుల్ ఇంకో ఏడాదిదానికి పొట్టిగా రావచ్చు.

ఇంజన్‌ను లేపే వరుస

స్పార్క్ ప్లగ్గు చుట్టూ దుమ్మంతా గాలి కొట్టి, ఆ తర్వాత ప్లగ్గు విప్పండి. ముందే విప్పితే ఆ మట్టి లోపలికి పడుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ (10 మి.లీ. చాలు) పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి తాడు స్టార్టర్ మూత విప్పితే లోపల ఫ్లైవీల్ నట్టు కనిపిస్తుంది. దానికి సాకెట్ వేసి చేత్తో మెల్లగా ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పి చూడండి. తిరిగితే అదృష్టం.

తిరగకపోతే బలం పెట్టొద్దు. పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ సగం, అసిటోన్ సగం కలిపి సిలిండర్లో పోసి నాలుగైదు రోజులు నానబెట్టండి. అసిటోన్ ఆవిరవుతుంటుంది కాబట్టి రోజూ కొంచెం కొంచెం పోస్తుండాలి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండొద్దు. రోజుకొకసారి సాకెట్‌తో రెండు వైపులా కదిలించండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇక వస్తుంది. వారం దాటినా కదలకుంటే హెడ్ విప్పాల్సిందే. అప్పుడు సమ్మెట తేవద్దు, మంచి లేత్ వర్క్‌షాపుకు పోండి. అక్కడ ఒక జాగ్రత్త: 65 మి.మీ. బోరు కనబడగానే "ఫలానా బండి పిస్టన్ సరిపోతుంది" అని దేన్నో సర్దే మెకానిక్ తప్పకుండా దొరుకుతాడు. పిస్టన్ వ్యాసం కలిసినా గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది) లావు, పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు కలవదు. ఎత్తు మిల్లీమీటరు ఎక్కువైతే పిస్టన్ వాల్వులకు తగులుతుంది, తక్కువైతే కంప్రెషన్ రాదు. ఈ బండికే చేసిన ఓవర్‌సైజ్ పిస్టన్ (0.25, 0.50 మి.మీ. ఇట్లా పెరుగుతూ ఉంటాయి) చేతికి వచ్చాకే, ఆ పిస్టన్‌ను కొలిచి బోరు చేయించండి. ముందే బోరు చేయించి తర్వాత పిస్టన్ కోసం వెతకడం తిరకాసు పని.

ఇంజన్ తిరుగుతున్నదనుకుందాం. వెంటనే పెట్రోలు పోయకండి. పాత ఆయిల్ దించేయండి. పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్లున్నట్టు. ఈ ఇంజన్‌లో మార్చి పారేసే కాగితం ఫిల్టరు ఉండదు. కుడివైపు పెద్ద మూత లోపల ఒక జాలి, గిర్రున తిరుగుతూ మట్టిని గోడకు విసిరి పట్టుకునే రోటరు ఉంటాయి. పాత హీరో హోండా బండ్లు విప్పిన మెకానిక్‌కు ఇది కొత్తేమీ కాదు. ఆ రోటరు లోపల నల్లని మైనంలాంటి మడ్డి గడ్డకట్టి ఉంటుంది, దాన్ని పుల్లతో గీకి డీజిల్‌తో కడగాలి. చాలామంది ఆయిల్ మార్చి ఈ మూత విప్పరు. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కరిగించి పంపులోకి, క్యామ్‌షాఫ్ట్ దాకా తీసుకుపోతుంది, నెల తిరగకుండానే హెడ్‌లో టకటక మొదలవుతుంది. గాస్కెట్ చిరిగితే అదే మందం గాస్కెట్ కాగితం మీద అచ్చు గీసి కత్తిరించుకోవచ్చు.

ఆయిల్ 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ (క్లచ్ ఆయిల్‌లో తడిసే బైకులకు తగినదనే గుర్తు) అని రాసి ఉండాలి. కారు ఆయిల్ వద్దు. ఇందులో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే తడుస్తుంటాయి, కారు ఆయిల్‌లోని జారుడు మందులతో క్లచ్ జారుతుంది. లీటరు దాకా పోసి, బండిని సమంగా నిలబెట్టి, డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడండి. తక్కువైతే కొద్దికొద్దిగా కలపండి. ఇంజన్ లేచాక అరగంట నడిపి ఈ ఆయిల్ పారబోయండి. ఐదు గంటల నడక తర్వాత మళ్లీ ఒకసారి మార్చండి. ఆ తర్వాత మామూలే.

ట్యాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులకూ 0.05 మి.మీ. పిస్టన్ పైకి వచ్చి ఫ్లైవీల్ మీద టి గుర్తు ఎదురుగా నిలవాలి, రెండు రాకర్లూ వదులుగా కదలాలి. రాకర్లు బిగిసి ఉంటే మీరు ఎగ్జాస్ట్ చుట్టులో ఉన్నారు, ఇంకో చుట్టు తిప్పండి. మన దగ్గర అలవాటు ప్రకారం "కాగితం దూరితే చాలు" అని సెట్ చేస్తారు. మామూలు నోట్‌బుక్ కాగితం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, అంటే రెట్టింపు. సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ తక్కువ ధరకే వస్తుంది, కొనండి.

పెట్రోలు దారి

ముందు ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరవండి. కొట్టంలో వడ్ల బస్తాలు కూడా ఉన్నాయని రాశారు, అంటే ఎలుకలూ ఉంటాయి. ఫిల్టరు డబ్బా, సైలెన్సర్ గొట్టం వాటికి కట్టి ఇచ్చిన ఇండ్లు. ఊక, గడ్డి, గుడ్డపీలికలు బయటికి లాగి గాలి కొట్టండి. స్పాంజి ఫిల్టరును వేలితో నలిపి చూడండి. ఇన్నేండ్లకు అది పిండిలా రాలుతుంది, ఆ పిండి కార్బొరేటర్‌లోకి పోతే మళ్లీ మొదటికే. కొత్త స్పాంజి కోసి పెట్టుకోవచ్చు. కూలర్ స్పాంజి పనికిరాదు, బైకు ఎయిర్ ఫిల్టరుకు వాడే సన్న రంధ్రాలదే కావాలి. దానికి ఇంజన్ ఆయిల్ రాసి గట్టిగా పిండి పెట్టాలి. పొడి స్పాంజి మన చెల్కల ఎర్రమట్టి దుమ్మును ఆపదు. ఆ దుమ్ములో ఉండేది మెత్తటి ఇసుకే, రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది.

ట్యాంకుకు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుపది. తుప్పు ఉంటే లీటరు నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఆ గంటలోనే లోపలంతా తడిసేలా కొంచెం పెట్రోలు, ఆయిల్ కలిపి తిప్పండి. ఆలస్యమైతే మరునాటికే నారింజ రంగు తుప్పు మళ్లీ లేస్తుంది. అంటుకోకపోతే ప్లాస్టిక్ ట్యాంకు, దానికి సబ్బు నీళ్లు చాలు. ట్యాంకు మూత గాలిరంధ్రం పిన్నుతో తెరిచి ఉంచండి.

కార్బొరేటర్ విప్పేటప్పుడు ఒక్క పని మరవొద్దు: గాలి స్క్రూను విప్పేముందు లోపలికి మెల్లగా బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్ని చుట్లే వదలాలి. రబ్బరు వస్తువులన్నీ తీసేశాకే కార్బ్ క్లీనర్ కొట్టండి. పైలట్ జెట్టు (రేసు ఇవ్వనప్పుడు పెట్రోలు పోయే సన్న రంధ్రం) వెలుతురుకు పట్టి చూస్తే గుండ్రటి చుక్క కనబడాలి. ఇనుప తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు. ఫ్లోట్ సూది మొన మీద చుట్టూ గీత పడితే మార్చాలి, లేకుంటే పెట్రోలు పొంగి క్రాంక్ కేసులోకి దిగుతుంది.

కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు మెడను వంచి చూడండి. పగుళ్లుంటే అక్కడ నుంచి గాలి లాగి ఇంజన్ కాలుతుంది, వదిలిన రేసు కిందికి దిగదు. ఇంజన్ నడుస్తుండగా ఆ మెడ మీద కొద్దిగా కార్బ్ క్లీనర్ చిమ్మితే రేసు మారిందంటే లీకు అక్కడే. సైలెన్సర్ కాలుతుంటుంది, చిమ్మేది చుక్కే కావాలి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఈ బండి చేసినప్పుడు దానికి తగ్గ రబ్బరు వాడలేదు. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త ఫ్యూయల్ పైపు, విటాన్ అనే రబ్బరుతో చేసిన ఓ-రింగులు వేయండి. పదిహేను రోజులకు మించి నడపనప్పుడు ట్యాంకు కాక్ మూసి, కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ వదిలి పెట్రోలు దించేయండి. ఈ ఒక్క అలవాటుంటే కార్బొరేటర్ మళ్లీ విప్పే పని రాదు.

కరెంటు

ప్లగ్గు ఎన్‌జీకే డి8ఈఏ, గ్యాపు 0.6 నుంచి 0.7 మి.మీ. దీని మర 12 మి.మీ., పొడవు 19 మి.మీ. స్ప్లెండర్ లాంటి బండ్ల ప్లగ్గు మర 10 మి.మీ., పాత బుల్లెట్‌ది 14. రెండూ కూర్చోవు. 12 మి.మీ. మర ఉండి పొట్టిగా ఉన్న ప్లగ్గు కూర్చుంటుంది కానీ ఖాళీగా మిగిలిన మరలో మసి పేరుకుని, మళ్లీ పొడుగు ప్లగ్గు వేసిన రోజు మర తెగుతుంది.

నిప్పు రాకపోతే సీడీఐ (ప్లగ్గుకు నిప్పు పంపే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయిందని వెంటనే కొనకండి. ముందు హ్యాండిల్ మీది ఆఫ్ స్విచ్ వైరును విడదీయండి. నలుపు మీద తెల్ల గీత ఉన్న వైరు అది. ఆ వైరు బాడీకి తగిలితే ఇంజన్ ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది, అందుకే తుప్పు పట్టిన స్విచ్ లేదా ఎలుక కొరికిన వైరు ఉన్నా నిప్పు రాదు. ఆ వైరు విప్పగానే నిప్పు వచ్చిందంటే స్విచ్ శుభ్రం చేస్తే సరి. తర్వాత ఎర్త్ చూడండి: పచ్చ వైరు ఫ్రేముకు బిగించిన చోట తుప్పు గీకి బిగించాలి. ఆ తర్వాతే కాయిలు, చివరికి సీడీఐ.

ఇంజన్ లేచాక వచ్చే సతాయింపులు ఇట్లా ఉంటాయి. చోక్ వేస్తేనే నడిచి, తీస్తే ఆగిపోతే పైలట్ జెట్టు ఇంకా మూసుకుని ఉంది, లేదా రబ్బరు మెడ లీకు. పది నిమిషాలు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేస్తే ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడూ ఆగితే ఎగ్జాస్ట్ ట్యాపెట్ బిగుతు, తర్వాత కాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. లేచినప్పుడు ఒక్క బుక్క నీలం పొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, ఆగకుండా వస్తుంటే రింగులు. తాడు చేతిని వెనక్కి గుంజితే ఫ్లైవీల్ కీ తెగి టైమింగ్ జరిగింది, ఇంకోసారి లాగకుండా విప్పండి. గేరు వేయగానే బండి ఎగిరి దూకితే క్లచ్ సెట్టింగు: లాక్ నట్టు వదిలి, మధ్య స్క్రూను ఎదురు తగిలే దాకా ఎడమకు తిప్పి, అక్కడి నుంచి పావు చుట్టు కుడికి తెచ్చి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి.

టైర్లు: అసలు పని ఇక్కడే

ఈ మోడల్‌కు ముందు, వెనక 25×12–9 బెలూన్ టైర్లు. పనిచేసే గాలి ఒత్తిడి 2.2 పీఎస్‌ఐ. ఇరవై రెండు కాదు, రెండు పాయింట్ రెండు. బైకులో 28, 30 వేసే అలవాటున్న పంక్చర్ షాపు వాళ్లకు చెప్తే నవ్వుతారు. వాళ్ల గేజ్ మీద 10 కింద గీతలే ఉండవు. ఈ బండికి ఊగే సస్పెన్షన్ అంటూ లేదు, టైరే సస్పెన్షన్. గాలి ఎక్కువైతే బంతిలా ఎగిరి పడుతుంది, ఎక్కడం దిగడం చేతిలో ఉండదు, పాత టైరైతే పగిలిపోతుంది కూడా. 0 నుంచి 10 దాకా ఉండే తక్కువ ఒత్తిడి గేజ్ ఒకటి కొని, సైకిలు పంపుతోనే గాలి కొట్టండి.

గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మన దగ్గర ఎండాకాలం పొద్దున 25 డిగ్రీలప్పుడు 2.2 ఉన్న టైరు, మధ్యాహ్నం 45 డిగ్రీలకు 3 దాటుతుంది. బైకు టైరులో ఒక పీఎస్‌ఐ తేడా ఎవరికీ తెలియదు, ఇక్కడ అది దాదాపు సగం పెరిగినట్టు.

వెనక రెండు టైర్ల చుట్టుకొలత టేపుతో కొలవండి, సుమారు 2 మీటర్లు ఉంటుంది. రెండింటికీ తేడా సెంటీమీటరు లోపు ఉండాలి. ఒకే ఇరుసు కాబట్టి రెండు చక్రాలూ ఒకే లెక్కన తిరుగుతాయి, ఒకటి పెద్దదైతే బండి రెండోవైపుకు గుంజుతూనే ఉంటుంది. హ్యాండిల్ వంకర అనుకుని ఫోర్కును వేడి చేసి వంచినవాళ్లున్నారు, జబ్బు మాత్రం గాలిలో ఉండేది.

గోడల మీద సన్న పగుళ్లున్నా గుడ్డ పోగు కనబడకపోతే పొలంలో మెల్లగా నడపడానికి పనికొస్తాయి. పోగు కనబడితే మార్చాలి. నాలుగు చక్రాల ఏటీవీ (ఏ నేల మీదైనా నడిచే బండి) టైర్లు దొరుకుతాయి కదా అని వేయకండి. వాటి గోడలు గట్టి, ముందు చక్రానికి ఉండాల్సిన గుండ్రటి అంచు ఉండదు, తిప్పితే తిరగదు. ఈ సైజు టైర్లు మన ఊళ్లలో దొరకవు, బయటి నుంచే తెప్పించాలి, మొత్తం ఖర్చులో పెద్ద ముక్క ఇదే.

ఇక ముండ్లు. మీ దిక్కు సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు లేని చేను లేదు. ఇంత మెత్తటి టైరుకు పల్లేరు కాయ చాలు. పైనుంచి పొడిచే పురి పంక్చర్ ఈ పల్చటి టైరులో నిలవదు, టైరు విప్పి లోపల నుంచి ప్యాచ్ వేయించాలి. మళ్లీ రిమ్ముకు ఎక్కించేటప్పుడు గాలి నిలవకపోతే, లారీ సరుకు కట్టే బెల్టు టైరు నడుము చుట్టూ బిగించి గాలి కొట్టండి, అంచులు విచ్చుకుని రిమ్మును పట్టుకుంటాయి. టైరు మీద అచ్చు వేసిన ఒత్తిడి అంకె దాటొద్దు.

వెనక ఇరుసు

బండిని రాళ్ల మీద ఎత్తి, వెనక చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. చప్పుడు వస్తే మూడు చోట్ల చూడాలి: చక్రం హబ్బు, ఇరుసు మీది పళ్లు, మధ్యలో బేరింగులు. దమ్ము చేసిన మడిలో ఒక్క సీజన్ నడిపినా బురద సీళ్లు దాటి బేరింగులోకి పోతుంది. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది రాసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే అదే కొలత దొరుకుతుంది, బండి పేరు చెప్పాల్సిన పని లేదు. రెండు వైపులా రబ్బరు మూత ఉన్న 2ఆర్‌ఎస్ రకం అడగండి. ఆయిల్ సీళ్లు కూడా అక్కడే, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెప్తే ఇస్తారు. హబ్బు పళ్లు అరిగితే వెల్డింగు కొట్టించకండి. ఒకసారి అతికితే ఆ ఇరుసు మళ్లీ విప్పలేరు.

బ్రేకు డ్రమ్ము విప్పితే దుమ్మును గాలితో ఊదొద్దు. ఆ కాలం లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. తడిగుడ్డతో తుడిచి పారేయండి. పాత షూలకు కొత్త లైనర్ అతికించి ఇచ్చేవాళ్లు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఇంకా ఉన్నారు. చైను సందు 15 నుంచి 20 మి.మీ. చాలు. కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ ఇరుసు మీద, ఫిల్టరు డబ్బా మీద కొట్టనీయకండి. బోరు నీళ్లైతే గుడ్డతో వెంటనే తుడవాలి, నల్లగొండ నీళ్లు ఆరితే అల్యూమినియం మీద తెల్లటి పొర మిగులుస్తాయి.

రంగు, నంబరు, నడక

రంగు ఎందుకు వద్దన్నానంటే, ఇది మీ ఇంటి గుర్తు. ఫ్యాక్టరీ ఎరుపు, వెలిసిన స్టిక్కర్లు, సీటు మీద మీ నాయన కూర్చుని నలిగిన చోటు ఒకసారి పోతే తిరిగి రావు. తుప్పు లేచిన చోట మాత్రం గీకి ప్రైమర్ వేసి ఆపండి. మడ్‌గార్డుల ప్లాస్టిక్ మీద పెయింటు నిలవదు, వంగిన రోజే పెచ్చులు లేస్తుంది. పగిలిన చోట ఎంసీల్ కూడా పట్టదు. పగులు చివర సన్న రంధ్రం వేసి ఆపి, వెనక నుంచి పల్చటి స్టీలు పట్టీతో చిన్న బోల్టులు వేయించండి. తీసిన పాత భాగం ఏదీ పారేయకుండా కవర్లో వేసి పేరు రాసి పెట్టండి. కస్టమ్స్ రసీదు, బ్యాగేజీ కాగితాలు, కొన్న బిల్లు దొరికితే బండికన్నా భద్రంగా దాచండి. అన్నదమ్ములు ముగ్గురూ ఉన్నారు కాబట్టి బండి ఎవరి దగ్గర ఉండాలో ఒక కాగితం మీద రాసుకోవడం కూడా మంచిదే. పొలం పంచుకోవచ్చు గానీ మూడు చక్రాలు పంచుకోలేరు.

నంబరు సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ బండ్ల నియమం మీరు విన్నట్టున్నారు. అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటిన టూ వీలర్లకు, నాలుగు చక్రాల బండ్లకు. మీది మూడు చక్రాలది, 50 నిండలేదు, అసలు మొదటి రిజిస్ట్రేషనే లేదు. మూడు రకాలుగానూ కుదరదు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు, దానికి బీమా కూడా దొరకదు. అందుకే మీ సొంత చేను గట్లు దాటించకండి, ఊరి నుంచి చేనుకు పోవాలంటే ట్రాలీలో ఎక్కించుకుపోండి. చట్టం పక్కన పెట్టినా తారు రోడ్డు దీనికి పడదు. మూల తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. గట్టి ఇరుసు కాబట్టి ఏదో ఒకటి జారాలి. మట్టి మీద జారుతుంది, తారు పట్టుకుంటుంది, బండి పల్టీ కొడుతుంది.

చేనులో కూడా నేర్చుకుని నడపాల్సిన బండే. మూల తిరిగేటప్పుడు ఒళ్లు తిరిగే వైపు ముందుకు వంచాలి, బరువు మాత్రం బయటివైపు కాలి కింద వేయాలి. అప్పుడు లోపలి చక్రం తేలికై జారి తిరుగుతుంది. బైకు అలవాటుతో తూలగానే కాలు నేలకు ఆనిస్తారు, అది ఎప్పుడూ చేయొద్దు. వెనక చక్రం ఆ కాలి మీదికే ఎక్కుతుంది. గుట్ట వాలు మీద అడ్డంగా పోవద్దు. సీటు పొడుగ్గా ఉన్నా వెనక మనిషి వద్దు, నడిపేవాడు సీటు మీద ముందుకు వెనక్కి జరగడానికే ఆ పొడుగు. ఇట్లాంటి ప్రమాదాల వల్లే అమెరికాలో ప్రభుత్వానికీ కంపెనీలకూ 1988లో కుదిరిన ఒప్పందంతో మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆగిపోయింది. 90 సీసీ దాటినవి 16 ఏండ్ల లోపు వాళ్లకు వద్దని అందులోనే ఉంది. మీ పిల్లలు పదకొండు, పదమూడేండ్ల వాళ్లు, ఆగనివ్వండి. తాడు స్టార్టర్ కాబట్టి తాళం తీసుకుంటే ఆగేది కాదు, ప్లగ్గు విప్పి బీరువాలో పెట్టండి.

నడపని నెలల్లో ఫ్రేము కింద కట్టె దిమ్మెలు పెట్టి టైర్ల మీద బరువు లేకుండా చూడండి. తాడును మెల్లగా లాగి బిగుతు తగిలిన చోట ఆపితే రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. సైలెన్సర్ మూతికి, ఫిల్టరు డబ్బా నోటికి సన్న ఇనుప జాలి కట్టండి, లేకుంటే వానాకాలం రాగానే ఎలుకలు మళ్లీ చేరతాయి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది, పాత నూలు దుప్పటి మేలు.

ప్లగ్గు విప్పి నూనె పోశాక ఇంజన్ తిరిగిందో లేదో ఇక్కడే రాయండి. దాంతోపాటు ఫ్రేము నంబరులో పదో అక్షరం, రబ్బరు మెడ ఫొటో, వెనక హబ్బు లోపలి పళ్ల ఫొటో పెట్టండి. పూర్తి నంబరు మాత్రం పెట్టకండి. ఇరుసు ఉంచాలా మార్చాలా అనేది ఆ పళ్లు చూస్తే చెప్పొచ్చు.